మీకు ఏమి చేయడమంటే ఇష్టం?



ఓ.పి. చీటీ పట్టుకుని వరుసలో కూర్చున్నవారితో మేము నాలుగు మాటలు మాట్లాడుతుంటాం. ఏ ఊరు, పిల్లలు ఎంతమంది, ఏం చేస్తున్నారు అని అడుగుతాం. ఆ మాటల్లోనే "మీకు ఏమి చేయడమంటే ఇష్టం?" అని కూడా అడుగుతాం. ఇరవై ఏళ్ళవాళ్ళు తడుముకోకుండా చెప్పేస్తారు. డెబ్బై ఏళ్ళ పెద్దలు మనవలతో ఆడుకోవడమనో, వాక్యం చదువుకోవడమనో చెబుతారు. యాభై ఏళ్ళ అమ్మలను అడిగితే మాత్రం ముందు నవ్వుతారు. "ఇష్టమేంది సిస్టర్, పొద్దుగాల లేస్తే పని, పండుకునేదాక పని" అంటారు నల్లగొండ వైపు నుంచి వచ్చినవారు. "ఏముందండీ, పిల్లలు బాగుంటే అదే చాలు" అంటారు గుంటూరు, కృష్ణా వైపు నుంచి వచ్చి స్థిరపడినవారు. యాస వేరైనా జవాబు ఒకటే. అడిగింది తన గురించి, చెప్పింది ఇంటివాళ్ళ గురించి.

ఈ నెల మేము రాయదలచుకున్నది ఈ జవాబు గురించే. నడివయసులో ఉన్న ప్రతి మనిషికి, ముఖ్యంగా స్త్రీకి, తనదంటూ ఒక ఇష్టమైన పని ఉండాలి. దానికి రోజులో కొంత సమయం ఉండాలి. ఆ సమయాన్ని ఆమె ఒక్కతే ఎలాగో వెతుక్కోవడం కాదు, ఇంటిల్లిపాదీ కలిసి కల్పించాలి. ఇది మా అభిప్రాయం. సంఘంలో కొందరికి ఇది చిన్న విషయంగా తోచవచ్చు. కాని వార్డుల్లో ఏళ్ళ తరబడి పనిచేసిన మాకు ఇది ఆరోగ్యానికి సంబంధించిన విషయంగానే కనిపిస్తోంది.

యాభై దగ్గర ఏం జరుగుతుంది?

మన దేశపు స్త్రీలకు నెలసరి ఆగిపోవడం సగటున 46, 47 ఏళ్ళ ప్రాంతంలోనే జరుగుతుంది. అంతకు కొన్ని సంవత్సరాల ముందు నుంచే ఒంట్లో మార్పులు మొదలవుతాయి. ఒక్కసారిగా ఒళ్ళంతా వేడెక్కడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం, ఊరికే చిరాకు, మతిమరుపు, కీళ్ళ నొప్పులు వస్తాయి. బి.పి., షుగరు, థైరాయిడ్ తోడయ్యేది కూడా చాలామందికి ఈ వయసులోనే.

సరిగ్గా అదే సమయంలో ఇల్లు ఖాళీ అవుతుంది. మన దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతంలో ఇది మరీ ఎక్కువ. ఇక్కడ ఎన్నో కుటుంబాలు పిల్లల చదువు కోసమే ఊరు విడిచి వచ్చాయి. చైతన్యపురి కోచింగ్ సెంటర్ల టైములను బట్టి ఇంట్లో వంట, నిద్ర, టీవీ అన్నీ నడిచాయి. పదో తరగతి, ఇంటర్, ఎంసెట్ అంటూ తల్లులు కూడా పిల్లలతో పాటు పరీక్షలు రాసినట్టే గడిపారు. తర్వాత ఆ పిల్లలు గచ్చిబౌలికో, బెంగళూరుకో, డల్లాస్‌కో వెళ్ళిపోయారు. తల్లి దగ్గర మిగిలింది పెద్ద ఫ్లాటు, చిన్న వంట, సాయంత్రం పూట ఫోను.

ఊరూ మారింది. 2007లో ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం మున్సిపాలిటీలు గ్రేటర్ హైదరాబాద్‌లో కలిశాయి. 2018 సెప్టెంబరు 24న ఎల్.బి.నగర్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రో రైలు మొదలైంది. రోడ్లు పెరిగాయి, ఫ్లైఓవర్లు లేచాయి. వాకిలి, అరుగు ఉన్న ఇళ్ళు అపార్ట్‌మెంట్లయ్యాయి. ఆ అరుగుల మీద మధ్యాహ్నం పూట చిక్కుడుకాయలు ఒలుస్తూ, స్వెట్టర్లు అల్లుతూ, ఒకరి కష్టం ఒకరికి చెప్పుకునే కూడిక మాత్రం లిఫ్టు ఎక్కి పైకి రాలేదు.

ఇక ఆ తల్లి మా దగ్గరకు వస్తుంది. నిద్ర లేదంటుంది, ఒళ్ళు నొప్పులంటుంది, గుండె దడ అంటుంది. పరీక్షలన్నీ చేస్తాం, చేయాలి కూడా. కొందరికి జబ్బు బయటపడుతుంది, మందులు మొదలుపెడతాం. చాలామందికి రిపోర్టులు బాగానే ఉంటాయి. రిపోర్టు బాగుందంటే మనిషి సంతోషించాలి. కాని కొందరి ముఖంలో "మరి నాకేమైంది?" అన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది. ఆ ప్రశ్నతో ఇంటికి వెళ్ళినవారిలో కొందరు పక్కింటివాళ్ళు చెప్పిన నిద్రమాత్ర పేరు పట్టుకుని మందుల షాపుకు వెళుతున్నారు. డాక్టరు చీటీ లేకుండా వాడే నిద్రమాత్రలు అలవాటుగా మారతాయి. మత్తులో రాత్రి బాత్‌రూముకు లేచి పడిపోతే తుంటి ఎముక విరుగుతుంది. మా భయం అదే.

తీరిక ఎవరికి ఉంది?

"అవన్నీ తీరిక ఉన్నవాళ్ళకు" అని ఒక మాట వినిపిస్తుంది. నిజమే, తీరిక లేదు. ఎందుకు లేదో కూడా చూద్దాం. జాతీయ గణాంక కార్యాలయం 2024లో దేశమంతటా జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీలు జీతం లేని ఆ పనికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇంటిపని చేసే పురుషులు వెచ్చిస్తున్నది 88 నిమిషాలు. 2019 సర్వేలో ఈ లెక్కలు 299, 97. అంటే ఐదేళ్ళలో ఆమెకు తగ్గింది పది నిమిషాలు. ఆయనకూ దాదాపు అంతే తగ్గింది! మిక్సీ వచ్చింది, వాషింగ్ మెషీన్ వచ్చింది, ఇంటికి తెచ్చి ఇచ్చే హోటలు భోజనం కూడా వచ్చింది. ఆమె వంతు పని ఇప్పటికీ దాదాపు ఐదు గంటలు.

పిల్లల పిల్లలను పెంచే బాధ్యత దీనికి అదనం. మనవలను చూసుకోవడం సంతోషమే, కాదనం. కాని వారానికి ఆరు రోజులు, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఆ పని ఒక్కరి మీదే పడితే ఎంత ప్రేమ ఉన్నా నడుము ఒప్పుకోదు. కాన్పు కోసం అమెరికా వెళ్ళి ఆరు నెలలు ఉండి వచ్చిన అమ్మలు మాకు చెబుతుంటారు, అక్కడ కారు లేనిదే కూరగాయలకు కూడా వెళ్ళలేమని, పగలంతా కిటికీలో నుంచి రోడ్డు చూస్తూ ఉండేవాళ్ళమని. పచ్చళ్ళు, పొడులు సర్దిన పెట్టెలో ఒక అల్లిక సూది, నాలుగు దారపు ఉండలు కూడా పెట్టుకుని వెళ్ళండని మేము సలహా ఇస్తాం.

తలాంతును భూమిలో దాచిపెట్టిన దాసుని ఉపమానం మనందరికీ తెలుసు. మన ఇళ్ళలో చాలాసార్లు దాచిపెట్టింది ఆమె కాదు. ఆమె పాట మీద, ఆమె కుట్టు మీద, ఆమె చదువు మీద మట్టి కప్పింది ఇల్లే.

దానితో ఏం వస్తుంది?

ఇంకొక మాట కూడా వినిపిస్తుంది. "అల్లితే అల్లావు, అమ్మితే నాలుగు డబ్బులు వస్తాయి కదా?" అని. సంపాదన అవసరమైన ఇంట్లో అది మంచి మాటే. కాని ఇష్టానికి, కూలికి మధ్య తేడా గుర్తు పెట్టుకోవాలి. దీనికి మన తెలుగు నేల మీదే ఒక పాఠం ఉంది.

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం లేసు అల్లికకు పేరుపొందింది. 19వ శతాబ్దంలో విదేశీ మిషనరీలు ఆ ప్రాంతపు స్త్రీలకు క్రోషియా అల్లిక నేర్పారు. తర్వాత అది పెద్ద వ్యాపారమై విదేశాలకు ఎగుమతి అయింది. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ స్త్రీల మధ్య పరిశోధన చేసి 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకం ప్రచురించారు. ఆ స్త్రీలు ఇంటిపని కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లేవారు. అయినా వారిని కార్మికులుగా లెక్కించలేదు. ఇంట్లో కూర్చుని తీరిక వేళల్లో చేసుకునే పని అని పేరు పెట్టి చాలా తక్కువ కూలి ఇచ్చారు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది, సంతోషం. కాని ఆ పుస్తకం చెప్పిన సంగతి మరవరాదు.

మేము దీని నుంచి నేర్చుకున్నది ఇది. కూలికి చేసే పనిని తీరిక అని పిలవకండి, దానికి సరైన కూలి ఇవ్వండి. తీరికలో ఇష్టంగా చేసే పనిని కూలి అడగకండి, దాన్ని అలాగే ఉండనివ్వండి. ఎవరూ కొనని టేబుల్ క్లాత్ అల్లడానికి కూడా ఒక మనిషికి హక్కుంది. అపొస్తలుల కార్యములలో తబితా కుట్టిన అంగీలను విధవరాండ్రు ఏడుస్తూ పేతురుకు చూపించారని చదువుతాం. వాటి ధర ఎంతో అక్కడ రాయలేదు.

వయసు అడ్డం కాదు

"ఈ వయసులో కొత్తగా ఏం నేర్చుకుంటాం?" అనేవారికి మన రాష్ట్రం నుంచే ఇద్దరిని చూపిస్తాం.

జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ బీడీలు చుట్టి, కూలికి వెళ్ళి కుటుంబాన్ని పోషించుకున్న మనిషి. యాభై దాటాక, బడి చదువు లేకపోయినా, 'మై విలేజ్ షో' వీడియోలలో నటించి తెలుగువారందరికీ తెలిసిన మనిషి అయింది. 2020లో బిగ్‌బాస్ వేదిక దాకా వెళ్ళింది. ఆమె కొత్తగా భాష నేర్చుకోలేదు, ఎవరినీ అనుకరించలేదు. తన మాట తాను మాట్లాడింది. అదే అందరికీ నచ్చింది.

రెండవవారు మనకు మరీ దగ్గర, ఉప్పల్ దాటితే వచ్చే నారపల్లిలో ఉన్నారు. తుమ్మేటి రఘోత్తమరెడ్డి పేరున్న కథా రచయిత. ఆయన నడివయసు దాటాక ఇంటి మిద్దె మీద కూరగాయలు, పండ్లు పెంచడం మొదలుపెట్టి, 'మిద్దెతోట' అన్న మాటను ఇంటింటికీ చేర్చారు. ఆయనను చూసి ఎన్నో కుటుంబాలు తమ డాబాల మీద టమాటా, బెండ, గోంగూర పెంచుకుంటున్నాయి.

అందరూ వీరిలా పేరు తెచ్చుకోవాలని కాదు. పేరు రాకపోయినా ఫరవాలేదు. యాభై తర్వాత కూడా చేతులు కొత్త పని నేర్చుకుంటాయని చెప్పడానికే ఈ ఉదాహరణలు.

వైద్యం ఏమంటోంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2019లో ఒక నివేదిక ఇచ్చింది. పాట, నృత్యం, చిత్రలేఖనం, చేతిపని వంటివి ఆరోగ్యానికి ఎలా తోడ్పడతాయో 900కు పైగా ప్రచురణలను పరిశీలించి చెప్పింది. 2023లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన పరిశోధన 16 దేశాలలో 65 ఏళ్ళు, ఆ పైబడిన 93,263 మందిని గమనించింది. ఏదో ఒక హాబీ ఉన్నవారిలో దిగులు లక్షణాలు తక్కువగా, జీవితం పట్ల తృప్తి ఎక్కువగా కనిపించాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. హాబీ వల్లే ఆరోగ్యం వచ్చిందా, ఆరోగ్యం ఉన్నందువల్ల హాబీ చేయగలిగారా అన్నది ఇలాంటి పరిశోధనలు పూర్తిగా తేల్చలేవు. కాబట్టి కుట్లు, అల్లికలు బి.పి. మాత్రకు బదులు అని ఎవరూ అనుకోవద్దు. మాత్ర మాత్రే. మేము వార్డులో చూసింది మాత్రం చెప్పగలం. రోగి పక్కన రోజుల తరబడి కూర్చునే అటెండెంట్లలో, చేతిలో ఏదో ఒక పని ఉన్నవారు రాత్రిని కొంచెం తేలికగా గడుపుతారు. ఫ్లారెన్స్ నైటింగేల్ కూడా 19వ శతాబ్దంలోనే నర్సింగ్ గురించి రాసిన తన పుస్తకంలో, రోజంతా అవే గోడలు చూసే రోగికి రంగులు, పువ్వులు, చేతికి చిన్న పని ఎంత మేలు చేస్తాయో వివరించింది.

పదిమందితో కలిస్తే మరీ మంచిది. సామాజిక బంధాలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన కమిషన్ 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. అదే సంవత్సరం బతుకమ్మ పండుగకు మన సరూర్‌నగర్ స్టేడియంలో వెయ్యిమందికి పైగా స్త్రీలు ఒకే లయలో ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. రికార్డు సంగతి అలా ఉంచి, అంతమంది కలిసి చప్పట్లు కొడుతూ అడుగులు వేయడమే ఒంటికి, మనసుకు ఎంత మేలో ఆలోచించండి. మన సంఘాలలో క్వయర్ ఉంది, స్త్రీల సమాజం ఉంది. డిసెంబరు కేరల్స్‌కు వచ్చే గొంతులు జనవరికల్లా మూగబోనక్కరలేదు.

మగవారికీ ఇది వర్తిస్తుంది. ముప్పై ఏళ్ళు బస్సు నడిపినవారు, బడిలో పాఠం చెప్పినవారు రిటైరైన మర్నాడు ఏమి చేయాలో తోచక ఇంట్లోవాళ్ళ మీద చిరాకు పడుతుంటారు. రిటైర్‌మెంటుకు ఐదేళ్ళ ముందే ఏదో ఒకటి మొదలుపెట్టండి. వంట నేర్చుకోవడం కూడా మంచి హాబీయే. పైన చెప్పిన 88 నిమిషాల లెక్క కూడా దానితో కొంత మెరుగవుతుంది.

మొదలుపెట్టేవారికి మా సూచనలు

1. కొత్తది వెతకడానికి ముందు పాతది గుర్తు చేసుకోండి. పెళ్ళికి ముందు, ఉద్యోగానికి ముందు మీరు చేసి వదిలేసిన పని ఏది? ముగ్గులా, పాటా, బొమ్మలా, డైరీయా? దానితోనే మొదలుపెట్టండి.

2. ఒక కుర్చీ, ఒక లైటు, ఒక సమయం నిర్ణయించుకోండి. అరగంటతో మొదలుపెట్టినా చాలు. ఆ సమయంలో "అమ్మా, నా చార్జర్ ఎక్కడ?" అని పిలవకూడదని ఇంట్లో అందరూ ఒప్పుకోవాలి.

3. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడం సహజం. సూదిలో దారం ఎక్కడం లేదని పని మానకండి, కళ్ళు చూపించుకుని అద్దాలు తీసుకోండి. షుగరు ఉన్నవారు ఏడాదికి ఒకసారి కంటి లోపలి రెటీనా పరీక్ష తప్పక చేయించుకోవాలి.

4. అల్లేవారు, కుట్టేవారు అరగంటకొకసారి లేచి నాలుగు అడుగులు వేయండి. రాత్రిపూట వేళ్ళు తిమ్మిరెక్కుతుంటే డాక్టరుకు చెప్పండి. మణికట్టులో నరం ఒత్తిడికి గురైనా, షుగరు, థైరాయిడ్ ఉన్నా అలా కావచ్చు.

5. మిద్దెతోటవారు కుండీల కింద నీరు నిలవనివ్వకండి. డెంగీ దోమ అక్కడే గుడ్లు పెడుతుంది. మట్టి పనిలో గాయమైతే సబ్బు నీటితో కడిగి, టి.టి. ఇంజెక్షన్ అవసరమేమో అడగండి.

6. చదవడం ఇష్టమైనవారు గ్రంథాలయంలో సభ్యులుగా చేరండి. మన ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం, ఆ పుస్తకాలు మనవే. 1891లో మొదలైన ఆసఫియా గ్రంథాలయం, నేటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, అఫ్జల్‌గంజ్‌లో ఉంది. ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కి ఎం.జి.బి.ఎస్.లో దిగితే అక్కడికి దగ్గరే.

7. వారానికి 150 నిమిషాల నడకను మాత్రం హాబీలో కలిపేయకండి. అది వేరే ఉండాలి.

చివరగా ఒక ముఖ్యమైన మాట. రెండు వారాలకు పైగా దిగులు తగ్గకపోతే, ఇష్టమైన పని కూడా చేయబుద్ధి కాకపోతే, బతకాలని లేదనిపిస్తే అది బద్ధకం కాదు, విశ్వాసం తక్కువై కాదు. అది జబ్బు, దానికి చికిత్స ఉంది. వెంటనే డాక్టరును కలవండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలి మానస్ సేవ ఉచితంగా, రాత్రి పగలు, తెలుగులో కూడా మాట్లాడుతుంది. అలాగే నెలసరి ఆగి ఏడాది దాటాక మళ్ళీ రక్తం కనిపిస్తే వయసు మార్పు అని ఊరుకోక, చూపించుకోండి.

ఇంట్లోని పిల్లలకు, భర్తలకు మా మనవి ఒక్కటే. పుట్టినరోజుకు అమ్మకు చీర కొనివ్వండి, సంతోషం. దానితో పాటు ఆమెకు ప్రతి సాయంత్రం ఒక గంట కూడా ఇవ్వండి. ఆ గంటలో గిన్నెలు మీరు కడగండి. ఆమె ఏమి అల్లుతోందో, ఏమి పాడుతోందో, ఎందుకో అడగకండి. ఆమె పిలిచి చూపించినప్పుడు మాత్రం ఫోను పక్కన పెట్టి చూడండి.

— నర్సింగ్ విభాగం తరఫున, నర్సింగ్ సూపరింటెండెంట్